మంచు ప్రాంతంలో పాత బీఎండబ్ల్యూ 328 ఎక్స్‌ఐ: కొనే ముందు పరీక్ష నుంచి వసంతకాలపు బ్రేకు పని దాకా

కొత్త కారు ధరలో చిన్న వంతుకే దొరికే పాత స్పోర్ట్ సెడాన్లలో మంచు కురిసే ప్రాంతానికి ఏది నప్పుతుందని అడిగితే, నేను ముందుగా చెప్పేది బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ఇ90 అని పిలిచే తరానికి చెందిన 328 ఎక్స్‌ఐ పేరే. అమెరికాలో 2007, 2008 మోడళ్లను ఆ పేరుతోనూ, 2009 నుంచి 2011 వరకు వచ్చినవాటిని 328ఐ ఎక్స్‌డ్రైవ్ అన్న పేరుతోనూ అమ్మారు. టర్బో లేని మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల ఎన్52 ఇంజిన్, 230 హార్స్‌పవర్, హైడ్రాలిక్ స్టీరింగ్, నాలుగు చక్రాలకూ శక్తిని అందించే ఎక్స్‌డ్రైవ్ ఏర్పాటు ఉన్న ఈ కారును ఇప్పటికీ ఇష్టంగా నడిపేవారు చాలామందే ఉన్నారు. డెట్రాయిట్ శివార్లలోనో, షికాగోలోనో, టొరంటోలోనో స్థిరపడి ఇటువంటి కారు ఒకటి కొనాలనుకునే తెలుగువారిని, ఇప్పటికే కొని దాన్ని ఎలా కాపాడుకోవాలా అని ఆలోచిస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. వేరే కంపెనీ కారున్నవారికి కూడా ఇంజిన్ సంగతులు మినహా మిగిలినదంతా పనికొస్తుంది.

పదిహేనేళ్లు దాటిన కారును మంచు ప్రాంతంలో చంపేది చలీ కాదు, మంచూ కాదు, రోడ్డు మీద చల్లే ఉప్పు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. అక్కడ తవ్విన ఉప్పు రోడ్ల మీదికే వెళుతుంది. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన సరిగా పనిచేయదు కాబట్టి, అంతకన్నా చలి ఉన్నప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వంటి లవణాలను కూడా వాడతారు. ఇవి గాలిలోని తేమను పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి. అందువల్ల రోడ్డు పొడిగా కనిపించే రోజున కూడా కారు అడుగుభాగంలో తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. అందుకే ఈ కారు మీద పెట్టే ప్రతి రూపాయిలో మొదటి వాటా అడుగుభాగానికి, రెండో వాటా కూలింగ్ వ్యవస్థకు, మూడోది టైర్లకు, మిగిలితేనే మెరుపులకు అన్న క్రమాన్ని పాటించమని నా సలహా.

మొదటి అడుగు: కారును పైకెత్తి కింద చూడటం

డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీ లేదు. తుప్పు పట్టి ప్రమాదకరంగా మారిన కారు కూడా నంబరు ప్లేటుతో రోడ్డు మీద తిరగగలదు కాబట్టి, ఆ తనిఖీ బాధ్యత పూర్తిగా కొనేవారిదే. అమ్మేవారు ఎంత మంచివారైనా, కారు పైన ఎంత నిగనిగలాడుతున్నా, లిఫ్టు మీద ఎక్కించి చూడకుండా డబ్బు ఇవ్వవద్దు. బీఎండబ్ల్యూ పని తెలిసిన స్వతంత్ర మెకానిక్ దగ్గర ఒక గంట పరీక్షకు అయ్యే ఖర్చు ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అతి లాభదాయకమైన ఖర్చు.

కారు పైకి లేచాక ముందుగా తలుపుల కింది అంచున, జాకీ పెట్టే నాలుగు చోట్ల ఉండే నల్లని ప్లాస్టిక్ దిమ్మెలను చూడండి. వాటి చుట్టూ ఉన్న రేకును బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఆరోగ్యంగా ఉన్న రేకు రాయిలా నిలబడుతుంది. లోపల తుప్పు తినేసిన రేకు సన్నగా కరకరమంటూ లోపలికి వంగుతుంది, పెయింటు పెచ్చులుగా రాలి వేలికి గోధుమరంగు పొడి అంటుకుంటుంది. అలా వంగిన చోట జాకీ పెడితే అది రేకును చీల్చుకుని పైకి వస్తుంది. అటువంటి కారును ధర తగ్గించినా తీసుకోకండి. ఆ తర్వాత వెనుక సబ్‌ఫ్రేమ్ (వెనుక ఇరుసును, సస్పెన్షన్‌ను మోసే చట్రం) బిగింపులను, బ్రేకు గొట్టాలను, సస్పెన్షన్ స్ప్రింగుల కింది చుట్టను, సైలెన్సర్ వేలాడదీసే కొక్కేలను వరుసగా చూడండి. వీటిలో బ్రేకు గొట్టాలే ముఖ్యం. స్టీలు గొట్టం మీద పైపొర లేచి పొలుసుల్లా కనిపిస్తే మార్చవలసిందే. రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన గొట్టం వేయిస్తే మళ్లీ తుప్పు సమస్య రాదు. పైపైన ఎర్రగా కనిపించే తుప్పును చూసి భయపడవద్దు, ఉప్పు రోడ్ల మీద తిరిగిన ప్రతి కారుకూ అది ఉంటుంది. పొరలు పొరలుగా ఊడే తుప్పును మాత్రం ఉపేక్షించకూడదు.

రెండో అడుగు: రీకాల్ పనులు జరిగాయో లేదో చూసుకోవడం

2017 నవంబరులో బీఎండబ్ల్యూ ఈ కాలపు కార్లకు సంబంధించి రెండు పెద్ద రీకాల్‌లు (లోపమున్న కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం) ప్రకటించింది. ఒకటి 2006 నుంచి 2011 వరకు వచ్చిన 3 సిరీస్ కార్లలో ఏసీ, హీటర్ బ్లోయర్ వైరింగు వేడెక్కే సమస్యకు, రెండవది 2007 నుంచి 2011 వరకు వచ్చిన అనేక మోడళ్లలో క్రాంక్‌కేస్ గాలి వాల్వును వెచ్చగా ఉంచే హీటరు షార్టయ్యే సమస్యకు సంబంధించినవి. రెండింటివల్లా మంటలు లేచే ప్రమాదం ఉంది. పేలినప్పుడు లోహపు ముక్కలు చిమ్మే టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్ కూడా ఈ తరం కార్లలో చాలావాటికి వర్తిస్తుంది. ఒక్కో కారుకూ విడిగా ఉండే 17 అక్షరాల గుర్తింపు సంఖ్యను, అంటే విన్ నంబరును, అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో పెట్టి చూస్తే పెండింగులో ఉన్నవేవో తెలుస్తాయి. వాటిని డీలరు ఉచితంగా చేస్తారు. ఇంటి గ్యారేజీలో రాత్రంతా నిలిపే కారు కాబట్టి ఈ పనిని కొన్న వారంలోనే ముగించండి.

మూడో అడుగు: చలి రాకముందే ఆయిలు లీకులు, కూలింగ్ వ్యవస్థ

సెప్టెంబరులో, చేతులు ఇంకా పనిచేసే వాతావరణం ఉన్నప్పుడే, బానెట్ ఎత్తి మొదలుపెట్టండి. ఎన్52 ఇంజిన్ గట్టిదే, కానీ దాని గాస్కెట్లు (భాగాలు అతుక్కునే చోట లీకు కాకుండా ఉంచే రబ్బరు పట్టీలు) వయసుతో బిరుసెక్కి ఆయిలు వదులుతాయి. ముందుగా చూడవలసినది ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్. ఇంజిన్ ముందు భాగంలో, ఫిల్టరు మూత కింద హౌసింగు ఇంజిన్‌కు అతుక్కునే చోటును టార్చి వేసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వేలితో తుడిచి చూడండి. వేలికి దుమ్ముతో కలిసిన నల్లని జిగట అంటితే గాస్కెట్ పోయినట్లే. ఇది చిన్న లీకని వదిలేస్తే ఆయిలు కింద ఉన్న డ్రైవ్ బెల్టు మీద పడుతుంది, బెల్టు ఉబ్బి జారి ఊడుతుంది, దాని పీచులు క్రాంక్ సీలు గుండా ఇంజిన్‌లోకి చొరబడిన సందర్భాలు ఈ ఇంజిన్ పని చేసే మెకానిక్‌లందరికీ తెలుసు. గాస్కెట్ చవకే, దాన్ని నిర్లక్ష్యం చేస్తే ఇంజిన్ విప్పవలసి రావచ్చు. గాస్కెట్ మార్చేటప్పుడే బెల్టును, దాని టెన్షనరును కూడా మార్పించడం మంచిది.

వాల్వ్ కవర్ గాస్కెట్ లీకైతే ఆయిలు వేడి ఎగ్జాస్ట్ మీద పడి, హీటరు వేసినప్పుడు కాలిన వాసన కారులోకి వస్తుంది. ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి, అంటే సంపు, దాని గాస్కెట్ సంగతి వేరు. ఎక్స్‌డ్రైవ్ కారులో ముందు ఇరుసు ఆయిలు సంపు గుండా వెళుతుంది కాబట్టి ఆ పని చాలా పెద్దది. చెమర్చినట్లు తడిగా మాత్రమే ఉంటే ఆయిలు మట్టం కనిపెట్టుకుంటూ నెట్టుకురావచ్చు, చుక్కలుగా కారుతుంటే ఖర్చుకు సిద్ధపడాలి.

ఇక వాటర్ పంపు. ఈ కారులో పంపు బెల్టుతో కాక కరెంటు మోటారుతో తిరుగుతుంది. పాత పంపుల్లా నీళ్లు కార్చి, చప్పుడు చేసి ముందుగా హెచ్చరించకుండా, తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారిగా ఆగిపోవడం దీని స్వభావం. మైనస్ 15 డిగ్రీల రాత్రి హైవే పక్కన, హీటరు కూడా లేని కారులో చిక్కుకోవడం ఎవరికీ రాకూడని పరిస్థితి. కాబట్టి పంపు ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే, మార్చలేదనే భావించి, థర్మోస్టాటుతో సహా చలికాలానికి ముందే మార్పించండి. దాన్ని పట్టి ఉంచే అల్యూమినియం బోల్టులను రెండోసారి వాడకూడదు, వాటి బదులు స్టీలువీ వేయకూడదు, ఎందుకంటే ఇంజిన్ బ్లాకులో మెగ్నీషియం ఉంటుంది, మామూలు స్టీలు బోల్టు దానిలో తుప్పుకు కారణమవుతుంది, పాత అల్యూమినియం బోల్టు సాగిపోయి ఉంటుంది.

కూలెంట్ నింపాక గాలి తీసే పద్ధతి కూడా ఈ కారుకు ప్రత్యేకం. బ్యాటరీకి చార్జరు తగిలించి, ఇంజిన్ స్టార్టు చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, హీటరును గరిష్ఠ వేడికి, ఫ్యానును కనిష్ఠ వేగానికి పెట్టి, యాక్సిలరేటరును పది సెకన్ల పాటు పూర్తిగా నొక్కి వదిలితే పంపు తనంతట తానే సుమారు 12 నిమిషాలు తిరిగి గాలిని బయటికి పంపేస్తుంది. బీఎండబ్ల్యూ నీలిరంగు కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపితే అది దాదాపు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. పాత కారులో ఎవరు ఏ నీళ్లు కలిపారో తెలియదు కాబట్టి కూలెంట్ ఎంత చలికి గడ్డకడుతుందో చూపే రిఫ్రాక్టోమీటరుతో ఒకసారి కొలిచి చూడండి.

ఆయిలు విషయంలో బీఎండబ్ల్యూ ఇచ్చే లాంగ్‌లైఫ్-01 ఆమోదం ఉన్న సింథటిక్ ఆయిలు, 5డబ్ల్యూ-30 గ్రేడు వాడండి. ఫిల్టరుతో కలిపి సుమారు ఆరున్నర లీటర్లు పడుతుంది. ఈ కార్లలో చాలావాటికి ఆయిలు మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్, ఉండదు, ఇంజిన్ వేడెక్కాక, సమతలం మీద నిలిపి, డ్యాష్‌బోర్డు తెర మీదనే మట్టం చూసుకోవాలి. కంప్యూటరు 15,000 మైళ్ల దాకా గడువు చూపించినా, చలిలో చిన్న దూరాలు తిరిగే పాత ఇంజిన్‌కు అందులో సగానికే ఆయిలు మార్చడం మేలని నా గట్టి అభిప్రాయం. ట్రాన్స్‌ఫర్ కేసులో ఉండే ఆయిలు పరిమాణం చాలా తక్కువ. ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే క్లచ్చి ప్లేట్లు దానిలోనే మునిగి ఉంటాయి. జీవితకాలం మార్చనక్కరలేదన్న మాటను పక్కనబెట్టి, కొన్న సంవత్సరమే దాన్ని మార్పించండి.

నాలుగో అడుగు: అడుగుభాగానికి తుప్పు నివారణ పూత

అక్టోబరులో, మొదటి ఉప్పు పడకముందు, ఒక పొడి రోజున అడుగుభాగాన్ని బాగా కడిగించి, రెండు రోజులు ఆరనిచ్చి, ఆ తర్వాత లానోలిన్ ఆధారిత పూత కొట్టించండి. లానోలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు. అది మైనంలా అంటుకుని, పగుళ్లలోకి పాకి, నీటిని లోపలికి రానివ్వదు. కెనడాలో ఏటా ఆయిలు ఆధారిత పూత కొట్టించే అలవాటు చాలామందికి ఉంది, అదీ మంచిదే. రబ్బరులా గట్టిపడే నల్లని పూతను మాత్రం పాత కారుకు వేయించవద్దు. దాని కింద అప్పటికే ఉన్న తేమ, ఉప్పు బయటికి పోలేక, పైకి నల్లగా అందంగా కనిపిస్తూనే లోపల రేకును తినేస్తాయి. పూత కొట్టేవారికి బ్రేకు డిస్కులు, ఎగ్జాస్ట్, రబ్బరు బుష్‌ల మీద పడకుండా చూడమని చెప్పండి. తలుపుల కింది డొల్లలో, చక్రాల గూళ్ల వెనుక లైనరు విప్పి కూడా కొట్టమనండి. ఎక్కువ తుప్పు పుట్టేది ఆ కనబడని చోట్లనే.

ఐదో అడుగు: టైర్లు

నాలుగు చక్రాలకూ శక్తి ఉంది కదా, మామూలు టైర్లు చాలవా అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. నాలుగు చక్రాల శక్తి కారు కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. ఆగడం, మలుపు తిరగడం పూర్తిగా టైరు రబ్బరు మీద ఆధారపడి ఉంటాయి. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన వేసవి టైరు రబ్బరు బిగుసుకుని పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరు రబ్బరు అప్పుడు కూడా మెత్తగానే ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండలో మంచుపొడి రేకు గుర్తు ఉన్నవాటినే చలికాలపు టైర్లుగా తీసుకోండి. కెనడాలోని క్వెబెక్‌ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఇటువంటి టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. టొరంటో ఉన్న ఒంటారియోలో వీటిని వేసుకున్నవారికి బీమా కంపెనీలు తగ్గింపు ఇవ్వాలి, కాబట్టి మీ ఏజెంటును అడిగి తీసుకోండి.

వేరే రిమ్ముల మీద చలికాలపు టైర్లను శాశ్వతంగా ఎక్కించి పెట్టుకోవడం ఉత్తమం. ప్రతి సీజనుకూ టైరు ఊడదీసి ఎక్కించే కూలీ మిగులుతుంది, మంచి అల్లాయ్ రిమ్ములు ఉప్పు నుంచి బతుకుతాయి. ఈ కారుకు ఐదు బోల్టులు, 120 మిల్లీమీటర్ల వృత్తం ఉన్న రిమ్ములు కావాలి. బ్రేకులకు తగలకుండా పట్టేంతలో చిన్న రిమ్ము, ఎత్తైన టైరు ఎంచుకుంటే, మంచు కింద దాగిన గుంటల్లో పడినప్పుడు రిమ్ము వంగదు. ఎక్స్‌డ్రైవ్ కారులో నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే మోడలువి, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. చుట్టుకొలతల్లో తేడా ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు ఆ తేడాను సర్దడానికి నిరంతరం శ్రమించి అరిగిపోతుంది. టైరు పక్కన డీఓటీ అక్షరాల చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. గాడి లోతు నాలుగు మిల్లీమీటర్లకు తగ్గిన చలికాలపు టైరు మంచులో పనికిరాదు, చట్టం అంతకంటే తక్కువకు ఒప్పుకున్నా సరే.

చక్రం మార్చేటప్పుడు బోల్టులు తీసినా చక్రం ఊడి రాకపోవడం ఉప్పు ప్రాంతంలో మామూలే, రిమ్ము మధ్య భాగం హబ్బుకు తుప్పుతో అతుక్కుపోతుంది. సుత్తితో రిమ్మును కొట్టవద్దు. ఒక్క బోల్టును నాలుగైదు చుట్లు మాత్రం ఉంచి, కారు స్టాండ్ల మీద భద్రంగా ఉండగా, టైరును ఒకసారి పైన, ఒకసారి కింద మడమతో తన్నితే వదులుతుంది. చక్రం వచ్చాక హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, దాని మీద మాత్రమే, మళ్లీ అతుక్కోకుండా ఉంచే యాంటీ-సీజ్ గ్రీజును పలుచగా రాయండి. బోల్టుల మరలకు రాస్తే బిగింపు లెక్క తప్పుతుంది. బోల్టులను చేతితో పట్టించి, నక్షత్రాకారంలో, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లకు బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి సరిచూడండి.

ఉష్ణోగ్రత ప్రతి ఐదారు డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైరులో గాలి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. కాబట్టి అక్టోబరులో సరిగ్గా ఉన్న గాలి జనవరికి చాలదు. ఈ కారుకు స్టెప్నీ లేదు, కంపెనీ రన్‌ఫ్లాట్ టైర్లతో, అంటే గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లతో, అమ్మింది. రన్‌ఫ్లాట్ కాని టైర్లు వేసుకుంటే డిక్కీలో పంక్చరు పెట్టె, చిన్న కంప్రెసరు తప్పక ఉంచుకోవాలి.

ఆరో అడుగు: బ్యాటరీ

తీవ్రమైన చలిలో బ్యాటరీ శక్తి సగానికి పైగా పడిపోతుంది, అదే సమయంలో చిక్కబడిన ఆయిలును తిప్పడానికి స్టార్టరుకు మరింత శక్తి కావాలి. ఐదేళ్లు దాటిన బ్యాటరీని నవంబరులో లోడ్ పరీక్ష చేయించి, సందేహంగా ఉంటే మార్చేయండి. ఈ కారులో బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంటుంది, దాని వాయువును బయటికి పంపే సన్నని గొట్టాన్ని కొత్త బ్యాటరీకి తిరిగి తగిలించడం మరవకూడదు. కొత్త బ్యాటరీ వేసిన సంగతిని స్కానరు ద్వారా కారు కంప్యూటరుకు నమోదు చేయించాలి. లేకపోతే పాత బ్యాటరీకి ఇచ్చినట్లే చార్జింగు ఇచ్చి, కొత్తదాని ఆయువును తగ్గిస్తుంది. వేరే కారు నుంచి కరెంటు తీసుకోవలసి వస్తే డిక్కీ దాకా పోనక్కరలేదు, బానెట్ కింద అందుకోసమే ఇచ్చిన టెర్మినళ్లు ఉన్నాయి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ గడ్డకట్టవచ్చు, దాని డొక్కలు ఉబ్బి కనిపిస్తే కేబుళ్లు తగిలించవద్దు.

చిన్న పనులు కొన్ని ఇదే వారంలో ముగించండి. అద్దాల మీద చల్లే నీటిని మైనస్ 40 డిగ్రీలకు తట్టుకునే దానితో మార్చి, తలుపుల రబ్బరుకు సిలికాన్ పూసి, వైపర్ల కింద గూడుకట్టిన ఎండుటాకులను తీసేసి, సన్‌రూఫ్ ఉంటే దాని నీటి గొట్టాలు పారుతున్నాయో లేదో గ్లాసుడు నీళ్లు పోసి చూడండి.

ఏడో అడుగు: చలికాలంలో నడపడం, కడగడం

ఉదయం స్టార్టు చేసి పావుగంట నిలిపి ఉంచడం ఇంజిన్‌కు మేలు చేయదు. అద్దాలు శుభ్రం చేసుకునేంతసేపు ఆగి, నెమ్మదిగా బయలుదేరి, ఆయిలు వేడెక్కేదాకా ఇంజిన్‌ను మూడు వేల ఆర్‌పీఎం దాటించకండి. మంచు భారీగా కురిసిన రోజున స్టార్టు చేసే ముందే సైలెన్సరు మూతిని మంచు మూసేయలేదని చూసుకోవాలి, మూసుకుపోతే ప్రాణాలు తీసే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఒక్క నిమిషం కూడా నడపకూడదు. రోజూ రెండు, మూడు మైళ్లే తిరిగే కారులో ఆవిరి ఆయిల్లో చేరి, ఆయిలు మూత లోపల మీగడ లాంటి పసుపుపచ్చ పదార్థం పేరుకుంటుంది. వారానికొకసారి అరగంట హైవే మీద నడిపితే ఆ తేమ ఆవిరైపోతుంది.

లోతైన మంచులో చక్రాలు తిరగకుండా కంప్యూటరే శక్తిని కోసేసి కారు కదలకపోతే, చక్రాల పట్టు నియంత్రణకు ఉన్న డీటీసీ మీటను ఒకసారి క్లుప్తంగా నొక్కండి. చక్రాలను కాస్త తిరగనిస్తుంది, కారు బయటపడ్డాక మళ్లీ నొక్కి మామూలు స్థితికి తెచ్చేయండి.

ఉష్ణోగ్రత సున్నాకు పైకి వచ్చిన ప్రతిసారీ, కింది నుంచి నీళ్లు చిమ్మే వాష్‌కు తీసుకెళ్లండి. అన్నిటికంటే హానికరం, ఉప్పు బురదతో ఉన్న కారును కడగకుండా వెచ్చని గ్యారేజీలో పెట్టడం. చలిలో నిద్రపోయే తుప్పు ఆ వెచ్చదనంలో మేలుకుని పరుగెడుతుంది. కడిగిన రాత్రి చలి బాగా ఉంటే హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో నిలపండి, తడి బ్రేకు గడ్డకట్టి పట్టేయవచ్చు.

ఎనిమిదో అడుగు: వసంతంలో బ్రేకులు, ఆ పైన లెక్క

ఏప్రిలులో వేసవి టైర్లు ఎక్కించేటప్పుడు ప్రతి చక్రం దగ్గరా క్యాలిపరును (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి, దాని స్లైడ్ పిన్నులు చేతితో సాఫీగా జారుతున్నాయో చూడండి. ఒక ప్యాడు పూర్తిగా అరిగి, దాని జతది కొత్తగా ఉంటే పిన్ను పట్టేసినట్లే. పిన్నులను తుడిచి, ప్యాడ్లు కూర్చునే చోట తుప్పును గీకేయండి. డిస్కు లోపలి వైపు ముఖాన్ని కూడా అద్దం పెట్టి చూడండి, బయటి ముఖం మెరుస్తున్నా లోపలిది గుంటలు పడి ఉండవచ్చు. బ్రేకు ద్రవాన్ని రెండేళ్లకొకసారి మార్పించండి, అది నీటిని పీల్చుకుంటుంది, ఆ నీరే గొట్టాలను లోపలి నుంచి తింటుంది.

ఆ రోజే మళ్లీ కారు కింద టార్చి వేసి, మొదటి అడుగులో చెప్పిన చోట్లన్నీ చూసి, ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి. నిరుటి ఫోటోతో పక్కపక్కన పెట్టి చూస్తే తుప్పు ఎంత వేగంగా పాకుతోందో తెలిసిపోతుంది. పంపు పోయినా, గాస్కెట్ కారినా, సస్పెన్షన్ అరిగినా అవి మార్చుకోగలిగిన భాగాలే, ఒక్కో సంవత్సరం ఖర్చు కారు ధరలో సగానికి చేరినా, కారు నచ్చితే పెట్టవచ్చు. జాకీ పెట్టే చోట్లు వంగడం మొదలైనా, సబ్‌ఫ్రేమ్ బిగింపుల చుట్టూ రేకు పొరలుగా లేచినా మాత్రం ఇక ఖర్చు ఆపేసి, టైర్లను, మంచి రిమ్ములను విడిగా అమ్ముకుని, కారును విడిభాగాలకు ఇచ్చేసి, ఉప్పు ఎరుగని దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చిన మరో 328ని వెతుక్కోండి.